బుగులు పిల్లి దగ్గర గొంతు దించిన కాక

మా పక్కింటి కాక పోయాడన్న కబురు కరీంనగర్ దవాఖాన నుంచి వచ్చేసరికి నేను జాకెట్టుకు చేతులు అతికిస్తున్నాను. ఫోన్ చేసింది కాక భార్య, నేను చిన్నమ్మ అని పిలుస్తాను. "మీ కాక లేడు బిడ్డా" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఏడవలేదు. మొన్ననే కదా, ఛాతీలో పట్టేసినట్టు ఉందని ఆటో ఎక్కుతూ కూడా గోడ మీదుగా నా వైపు చూసి, "రేపో మాపో వస్త. మా పోరికి జర పాలు పొయ్యి టైలరమ్మా" అన్నాడు. పోరి అన్నది తన పిల్లిని. ఆ మాట మెల్లగా అన్నాడు. కాక మెల్లగా మాట్లాడటం ఎంత పెద్ద సంగతో మా కాలనీ వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు, అందుకే రాస్తున్నాను.

కాక మా అందరికీ ముందు గొంతుగానే తెలుసు. నేను పెళ్లయి గోదావరిఖనిలో ఈ ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే పక్కింట్లో ఏదో కొట్లాట అవుతోందని తడి జుట్టుతోనే బయటికి ఉరికాను. తీరా చూస్తే ఆయన కూరగాయల బండి అతన్ని కరివేపాకు ఉందా అని అడుగుతున్నాడు. బండి అతను నవ్వుతున్నాడు, అతనికి అలవాటే. నేను మాత్రం ఆ రోజంతా, ఈయన పక్కన కాపురం ఎట్లా చేయాలిరా దేవుడా అనుకుంటూ గడిపాను.

ఆయనది బాయిలో డ్రిల్లు మిషన్ పని. ఇక్కడ బొగ్గుగనిని బాయి అనే అంటాం. ఏళ్ల తరబడి ఆ మిషన్‌ను భుజానికి ఆనించుకుని బొగ్గు గోడకు బొక్కలు పెట్టీ పెట్టీ చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఎదుటివాళ్ల మాట సగమే వినపడేది. తన మాట తనకు అసలే చేరేది కాదు. బాయి పని చేసేవాళ్ల గొంతు మామూలుగానే పెద్దది, మా ఆయన కూడా అన్నం పెట్టమంటే అరిచినట్టే ఉంటుంది. కాకది అందరికంటే పైన. చిన్నమ్మ అనేది, "మీ కాక చెవుల చెప్పిన ముచ్చట చౌరస్త దాక ఇనవడ్తది" అని. కూతురి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను "చాయ తాగుండ్రి" అన్నాడట. పాపం, వచ్చిన పెద్దమనిషి కప్పు కింద పెట్టేసి లేచి నిలబడ్డాడట.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ గొంతు కింద పెరిగిన ఆడపిల్లకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. కాక ఆమె మీద ఏనాడూ చేయెత్తలేదు. చిన్నమ్మ ప్రమాణం చేసి చెబుతుంది, నేనూ చెబుతాను. అయినా ఆ పిల్ల ఆయన ఎదుట బిగుసుకుపోయేది. ఎక్కాలు అప్పజెప్పమని కూర్చోబెట్టుకునేవాడు. వినపడక "మల్ల చెప్పు" అనేవాడు. పిల్ల తను తప్పు చెప్పిందేమో అనుకుని మాటల్లో తడబడేది. తడబడితే ఆయనకు ఇంకా వినపడేది కాదు. ఇంకోసారి "మల్ల చెప్పు" అంటే ఇక కళ్లలో నీళ్లే. వాళ్లిద్దరి మధ్య ఏం జరుగుతోందో ఇద్దరికీ తెలియకుండానే పిల్ల పెద్దదైపోయింది, చదువుకుంది, టీచరైంది. జైనూర్ దగ్గర కొండల్లో ఉన్న ఒక బడిలో ఉద్యోగం, కాపురం కూడా అక్కడే. ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. తల్లితో చాలాసేపు, తండ్రితో రెండు మాటలు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, చిన్నమ్మ దగ్గర ఫోన్ తీసుకుని కాక అడిగాడు. "ఆడ నీళ్లొస్తున్నయా?" అంతే అడిగాడు. గోడకు ఇవతల నాకు కూడా స్పష్టంగా వినపడింది. అటునుంచి కూతురు ఏమందో నాకు తెలియదు, తర్వాత చిన్నమ్మ చెప్పింది. "ఎందుకు బాపు ఎప్పుడు నా మీద గంత కోపం? నేనేం చేసిన?" అందట. ఏ పని చేసి అలసిపోయి ఉందో ఏమో, గొంతులో ఏడుపు ఉందట. ఆయనకు ఆ ముక్క మాత్రం ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

ఆ సాయంత్రం కాక గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "టైలరమ్మా, నువ్వు ఇన్నవ్ కద. నేనేమన్న కోపం చేసిన్నా?" అన్నాడు.

"లేదు కాక. నీళ్ల ముచ్చటే అడిగినవ్."

"మరి గా పిల్ల గట్లెందుకన్నది?"

"నీ గొంతు గంత కాక. తెల్వనోళ్లకు కోపం లెక్కనే ఉంటది."

"అది తెల్వనోళ్లా? నా బిడ్డ."

ఆ తర్వాత ఆదివారం నుంచి ఫోన్ ముట్టలేదు. చిన్నమ్మ ఇవ్వబోతే చెయ్యి ఊపేవాడు. "బాపు బయటికి వోయిండు బిడ్డా" అని ఆమె అబద్ధం చెప్పేది. ఆయన మంచం మీద కూర్చుని భార్య పెదవులు కదలడం చూస్తూ ఉండేవాడు, కూతురు ఏమంటోందో వాటిలో కనపడుతుందేమో అన్నట్టు.

పిల్లి వచ్చింది ఆ రోజుల్లోనే. మా రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే, అది పెరటి మొదట్లోనే ఆగిపోతుంది. ఆ తర్వాత పెరడు కలిసే ఉంటుంది. అందులో ఎప్పుడో గది కడదామని కాక తెప్పించి వదిలేసిన ఇటుకల కుప్ప ఒకటి ఉంది. ఒక రోజు ఆ ఇటుకల సందులోంచి రెండు చెవులు కనపడ్డాయి. బూడిద రంగు ఆడపిల్లి, ఒక చెవి కొస చినిగి ఉంది. ఎవరు ఏం చేశారో దానికి, కుక్కర్ కూత వేస్తే పారిపోయేది, సైకిల్ బెల్లుకు పారిపోయేది, నా కుట్టు మిషన్ ఆగినా పారిపోయేది. "దీనికి బుగులువట్టింది" అంది చిన్నమ్మ. మనలో ఎక్కువ జడిసిన పిల్లలను అన్నట్టే అంది. అలాంటి పిల్లికి దొరికి దొరికి దొరికింది కాక పెరడు.

కాకకు అది నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి రోజు గిన్నెలో పాలు పోసి పట్టుకుని "దా, దా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ "దా"కు నా చేతిలో కత్తెర జారింది. పిల్లి ఎటుపోయిందో సాయంత్రం దాకా జాడలేదు. తర్వాత అంగడిలో పిల్లల బంతి ఒకటి కొన్నాడు, లోపల గజ్జె ఉన్నది. దొర్లిస్తే గల్లుమంది, పిల్లి ఇటుకల అడుగుకు పోయింది. కూతురు ఎప్పుడో కొనిచ్చిన చెవి మిషన్ తీసి పెట్టుకున్నాడు, దాని అడుగులు వింటానని. అది కీమని సన్నగా కూసింది. ఆయనకు ఆ కూత వినపడలేదు, పిల్లికి వినపడింది. చెవి మిషన్ మళ్లీ డబ్బాలోకి పోయింది. నేను ఇవతల కూర్చుని నవ్వుతుంటే, "నవ్వు, నవ్వు. నీ కుట్టు మిషన్‌కే ఉరుకుతది అది" అన్నాడు ఉక్రోషంగా.

అప్పుడు ఆయనకు బాయి అలవాటు ఒకటి గుర్తొచ్చింది. బాయి లోపల అందరి టోపీలకూ లైట్లు ఉంటాయి. మనిషి ఎటు చూస్తే లైటు అటు పడుతుంది. అందుకని ఎవరితో మాట్లాడినా సూటిగా ముఖంలోకి చూడరు. తల కొద్దిగా పక్కకు తిప్పి, వెలుగు అవతలివాడి కాళ్ల దగ్గర పడేలా నిలబడి మాట్లాడతారు. కొత్తగా చేరినవాళ్లు ఇది తెలియక ముఖం మీద లైటు కొట్టి తిట్లు తింటారు. కాక పని మానేసి ఎన్నేళ్లయినా మనుషులతో మాట్లాడేటప్పుడు ఆ పక్కచూపు పోలేదు. తెలియనివాళ్లు ఈయనకు మన మీద ఏదో మనసులో ఉంది, కళ్లలోకి చూడడు అనుకునేవాళ్లు. చిన్నప్పుడు వాళ్ల పిల్ల కూడా అట్లాగే అనుకునేదట. పెద్ద గొంతు, తిప్పుకున్న ముఖం. ఇంకేం కావాలి కోపం అనుకోవడానికి.

"దీని మొఖం మీద నేను లైటు కొడ్తున్న" అన్నాడు ఒకరోజు ఉన్నట్టుండి. "సూటిగ సూస్తున్న కద. బుగులువడక ఏం చేస్తది?"

ఆనాటి నుంచి పెరటి మెట్టు మీద కూర్చుని, పిల్లి ఉన్న వైపుకు భుజం పెట్టి, గోడను చూడటం మొదలుపెట్టాడు. గంటల కొద్దీ ఊరికే గోడను చూస్తూ ఉండేవాడు. చిన్నమ్మ పరేషాన్ అయి నన్ను పిలిచి చూపించింది, ఈయనకేమైందే అని. కొన్నాళ్లకు పిల్లి ఇటుకల కుప్ప మీదికి వచ్చి కూర్చుంది. ఆయన చూడలేదు. చూడకుండానే, "వచ్చిందా?" అని పెదవులు మాత్రం కదిపి నన్ను అడిగాడు. నేను తల ఊపాను. ఆయన ముఖంలో ఆ సంతోషం చూడాల్సింది.

ఆటకు వస్తువు నేనే ఇచ్చాను. కుట్టు మిషన్ దగ్గర గుడ్డ పీలికలు ఎప్పుడూ ఉంటాయి. జరీ అంచు ఇస్తే గరగరమంటోందని వద్దన్నాడు, మెత్తని పాత నూలు చీర పీలిక అడిగి తీసుకున్నాడు. దాన్ని పొడవాటి కట్టె కొసకు కట్టాడు, తన చెయ్యి దానికి దూరంగా ఉండాలని. మొదట్లో అందరం చేసే తప్పే చేశాడు. పీలికను పిల్లి ముఖం దగ్గర ఆడించాడు. పిల్లి వెనక్కి జరిగింది. నాలుగు రోజులు చూసి పద్ధతి తిరగేశాడు. పీలికను నేల మీద, దానికి దూరంగా పోతున్నట్టు మెల్లగా లాగేవాడు. ఆపేవాడు. కొసను ఇటుక వెనక్కి తీసుకుపోయి, కొంచెం మాత్రం కనపడేటట్టు ఉంచి కదిలించేవాడు. "బల్లి దానంతట అది పిల్లి మూతి కాడికి ఎందుకు వస్తది టైలరమ్మా? తప్పించుకొని పోతది. పోయేదాన్నే ఇది పడ్తది" అన్నాడు. పిల్లి మొదట పంజా చాపింది. తర్వాత పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్లు ఆడించి, దూకింది. దూకితే దొరకనిచ్చేవాడు. వదిలిపెట్టేదాకా లాక్కునేవాడు కాదు. ఊరించి ఊరించి చివరికి ఏమీ దొరకకపోతే దానికి చికాకు మిగులుతుందని, ఆట ఆపే ముందు తప్పకుండా ఒకసారి గెలవనిచ్చి, పక్కనే బుక్కెడు తిండి పెట్టేవాడు.

కూర్చునే చోటు కూడా ఊరికే కాదు. పిల్లికీ ఇటుకల సందుకూ మధ్య ఎప్పుడూ అడ్డం రాడు. నేను ఒకసారి తెలియక అటు నిలబడితే చెయ్యి పట్టి పక్కకు జరిపాడు. "బయటికి వోయే తోవ తెల్వకుంట బాయిల ఎవ్వడు లోపటికి వోడు. దానికి తోవ కనవడాలె. కనవడ్తె నిమ్మలంగ ఉంటది." ఎత్తుకోవాలని ఆయన ఏనాడూ చెయ్యి చాపలేదు. కింద ఉంచిన చేతిని అది వచ్చి వాసన చూసి పోతే అదే చాలనేవాడు.

ఇక మాకు మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చడం ఉంటుంది కదా. ముందు సైరన్, ఆ వెనుక కిటికీలు గలగల. మాకు అలవాటైపోయి కూర పోపు కూడా ఆపం. ఒక రోజు ఆట నడుమ సైరన్ మోగింది. పిల్లి గాలిలోకి ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆ తర్వాత పీలికను చూసినా భయపడింది, ఆ చప్పుడు పీలికలోంచే వచ్చిందనుకుందేమో. కాక మళ్లీ గోడను చూస్తూ కూర్చోవడం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి సైరన్‌కు చాలా ముందే ఆట ముగించి, తిండి పెట్టి, అది ఇటుకల్లోకి పోయి పడుకున్నాక తను లోపలికి పోయేవాడు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆయన సంతోషంలో చేశాడు. ఒక సాయంత్రం పిల్లి ఆడీ ఆడీ వచ్చి ఆయన మోకాలికి వీపు ఆనించి కూర్చుంది. కాక పట్టలేకపోయాడు. "సూసినవానే" అన్నాడు చిన్నమ్మతో, తన అసలు గొంతుతో. పిల్లి గోడ దూకింది. ఆ రోజు రాలేదు, తర్వాత చాలా రోజులు రాలేదు. కాక అన్నం సరిగా తినలేదు. పొద్దుగూకేదాకా మెట్టు మీద కూర్చునేవాడు. ఆయన అంతలా కుంగిపోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. "వస్తది కాక, ఫికర్ చెయ్యకు" అంటే, "నేను సంబురవడ్డ. దానికి కోపమనిపిచ్చింది" అన్నాడు. ఆ మాట పిల్లి గురించి మాత్రమే కాదని నాకు తెలిసింది, ఆయనకూ తెలుసు.

పిల్లి తిరిగొచ్చింది. వచ్చాక కాక చేసిన పని నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఆయన దాని చెవులు చూడటం మొదలుపెట్టాడు. ముఖం కాదు, చెవులు, అదీ ఓరకంట. మాట గట్టిగా వస్తే ఆ చెవులు వెనక్కి వాలతాయి. సరిపోయేటట్టు వస్తే నిలబడే ఉంటాయి. "నేనెంత ఒర్రుతున్ననో నాకు ఎర్కలేదు. దానికి ఎర్కున్నది" అన్నాడు. పీలిక మెల్లగా లాగుతూ ఒక్కో మాట అనేవాడు. చెవులు వాలితే ఆగి, గొంతు దించి, అదే మాట మళ్లీ. అన్ని మాటలూ కూతురితో అనవలసినవే. "బిడ్డా, మంచిగున్నవా?" చెవులు వాలేవి. "బిడ్డా, మంచిగున్నవా?" ఈసారి నిలబడేవి. "నేను కోపం చెయ్యలే బిడ్డా. నా గొంతే గంత." ఇది ఆయనకు చాలా కష్టమయ్యేది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఏదో తోసుకొచ్చి గొంతు లేచేది. పిల్లి లేచి రెండడుగులు వెనక్కి పోయేది. కాక పీలికను మళ్లీ నేల మీద పరిచి మొదటి నుంచి అందుకునేవాడు.

నేను గోడకు ఇవతల మిషన్ ఆపి వినేదాన్ని. ఎండాకాలం పోతుండగా గొంతు తగ్గుతూ వచ్చింది. వానలు పడ్డాక ఒక రోజు ఎంత చెవి పెట్టినా నాకేమీ వినపడలేదు. లేచి తొంగి చూస్తే కాక పెదవులు కదులుతున్నాయి, పిల్లి ఆయన పాదం పక్కన కళ్లు మెల్లగా మూసి తెరుస్తోంది, ఆయనా అట్లాగే మూసి తెరుస్తున్నాడు. నాకు కన్నీళ్లు వచ్చాయి, ఎందుకని అడగకండి. ఆయన మామూలుగా, అందరి మనుషుల్లా మాట్లాడుతున్నాడు.

"ఇగ ఫోన్ చెయ్యి కాక" అన్నాను ఆ రోజే. "ఇంతకన్న మంచిగ ఎప్పుడు మాట్లాడ్తవ్?"

"ఫోన్ల చెవులు కనవడయి కద" అన్నాడు.

"గట్లంటె ఎట్ల?"

"ఇది ముందట ఉంటె ఎర్కైతది. ఫోన్ల నేను ఒర్రినా నాకు తెల్వది. మల్ల ఏడుస్తది గా పిల్ల. దసరకు వస్తది కద. ఎదురుంగ కూసుంటది. దాని మొఖం సూసుకుంట మాట్లాడ్త."

నేను ఇంకా రెండు మూడుసార్లు చెప్పి చూశాను. చిన్నమ్మ కూడా పోరు పెట్టింది, "అబద్ధాలు చెప్పలేక నా నోరు పోతున్నది, ఒక్కపాలి మాట్లాడు" అని. ఆయన వినలేదు. తొందరపడితే పిల్లి పారిపోతుందని అన్ని నెలలు నేర్చుకున్న మనిషి, కూతురి దగ్గర కూడా అదే పద్ధతి పట్టుకున్నాడు. మనుషులతో కొన్నిసార్లు తొందరపడాలి కాక, అని అప్పుడు నాకు తట్టి ఉంటే చెప్పేదాన్ని. దసరా ఇంకా దూరంగా ఉండగానే ఛాతీలో నొప్పి వచ్చింది.

అటు కొండల్లో వానలకు వాగులు పొంగి బస్సులు ఆగాయి. అమ్మాయి ఎట్లాగో బయలుదేరి, తిరిగి తిరిగి కరీంనగర్ చేరేసరికి ఆయన మాట పడిపోయింది. ఇంకొంచెం సేపటికి మనిషే లేడు. ఇంటికి తెచ్చాక చుట్టాలు, బాయి దోస్తులు, డప్పు చప్పుడు. పిల్లి ఇటుకల అడుగుకు వెళ్లిపోయింది. నేను పోసిన పాలు పోసినట్టే ఉండేవి, వాన నీళ్లు కలిసి పారబోసేదాన్ని.

దినాలు అయి చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం, అమ్మాయి పెరటి మెట్టు మీద కూర్చుంది. నేను గిన్నె కడిగి పాలు పోస్తుంటే అడిగింది. "అక్కా, ఒక్కటడుగుత, నిజం చెప్తవా?"

"అడుగు చెల్లె."

"మా బాపు నా మీద కోపంతోనే పోయిండా? గిన్ని నెలలు నాతోని మాట్లాడలే. ఎప్పుడు అడిగినా బయటికి వోయిండనే చెప్పింది అమ్మ. ఆయన పక్కనే ఉన్నడని నాకు ఎర్కనే అక్కా, ఊపిరి ఇనవడేది. గంత కోపమొచ్చేటట్టు నేనేం చేసిన?"

గిన్నె అక్కడే పెట్టేసి ఆమె పక్కన కూర్చున్నాను. నీళ్ల ముచ్చట నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. గజ్జెల బంతి చెబితే కొద్దిగా నవ్వింది. మెట్టు మీద గోడను చూస్తూ కూర్చోవడం, పీలిక, చెవులు, దసరా, అన్నీ చెప్పాను. చెబుతుండగా ఇటుకల సందులో రెండు చెవులు కనపడ్డాయి. కట్టె చూరులోనే ఉంది, తీసి ఆమె చేతికిచ్చాను.

"నాకు రాదు అక్కా."

"దాని దిక్కు సూడకు. భుజం అటు పెట్టి, గోడను సూసుకుంట కూసో. పీలికను దూరం లాగు. మెల్లగ. ఆపు. ఇగ ఊకో."

చాలాసేపు పట్టింది. పిల్లి మూతి బయట పెట్టింది, లోపలికి పోయింది, మళ్లీ పెట్టింది. చిక్కిపోయి ఉంది. చివరికి వచ్చి పీలిక కొస మీద పంజా వేసి పట్టుకుంది. అమ్మాయి గోడ వైపే చూస్తూ ఊపిరి బిగపట్టింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుంటే చెయ్యి కదులుతుందని తుడుచుకోలేదు.

"గిట్లనే కూసుండెటోడా?" అంది.

"గిట్లనే. నువ్వు కూసున్న మెట్టు మీదనే."

"మా బాపు?"

"మీ బాపే."

"ఆ మాట ఎట్లనెటోడు? నాకు చెప్తా అన్న మాట" అంది.

నేను కాక అన్నట్టే, పిల్లి చెవులు చూసుకుంటూ, మెల్లగా అన్నాను. "నేను కోపం చెయ్యలే బిడ్డా. నా గొంతే గంత." పిల్లి కదలలేదు. అమ్మాయి విని తల దించుకుంది. బాగుంది అంటుందనుకున్నాను.

"గట్టిగ చెప్పు అక్కా" అంది.

"ఏంది?"

"గింత మెల్లగ చెప్తె మా బాపు చెప్పినట్టు లేదు. ఎవరో చెప్పినట్టున్నది. ఆయన గొంతుతోని చెప్పు."

"పిల్లి ఉరుకుతది చెల్లె."

"ఉరకనీ."

నేను లేచి నిలబడ్డాను. ఆ మాటను కాక అసలు గొంతుతో, చౌరస్తా దాకా వినపడేటట్టు అన్నాను. పిల్లి పీలిక వదిలేసి ఇటుకల్లోకి దూరింది. వెనకింటివాళ్లు ఎవరో కిటికీ తెరిచారు. వంటింట్లో రొట్టెలకు పిండి తడుపుతున్న చిన్నమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చి వెనక తలుపు దగ్గర ఆగిపోయింది. మా ఇద్దరినీ చూడలేదు. పెరడంతా, గోడ దాకా, ఇటుకల కుప్ప వెనక దాకా కళ్లతో వెతికింది. అమ్మాయి లేచి వెళ్లి ఆ పిండి చేతులు పట్టుకుంది.